ప్రయాణంలో చిన్న రౌటర్: ముందు లాగిన్ పేజీ, తర్వాత గడియారం, ఆఖరున వీపీఎన్

బీచ్ రోడ్డు హోటల్లో దిగినా, విశాఖ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నా, చుట్టాలింటికి వెళ్ళినా వైఫై దొరుకుతోంది. అందులో మీ బ్యాంకు పాస్‌వర్డు ఎవరో లాగేసుకుంటారని వీపీఎన్ (మీ నెట్ అంతా తాళం వేసి ఇంకో చోటికి చేర్చి, అక్కణ్ణుంచి బయటికి పంపే పద్ధతి) అమ్మేవాళ్ళు భయపెడతారు. బ్యాంకులూ మెయిళ్ళూ ఇప్పుడు హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవలేకుండా తాళం వేసి పంపే పద్ధతి) మీదే నడుస్తున్నాయి కాబట్టి ఆ భయం చాలామటుకు పాతబడింది. మరి వెంట ఒక రౌటర్ ఎందుకు మోసుకెళ్ళాలి? పక్క గదిలోవాళ్ళ లాప్‌టాప్‌కీ మీ లాప్‌టాప్‌కీ మధ్య గోడ లేని హోటళ్ళు ఇంకా ఉన్నాయి. ఫోన్లు, లాప్‌టాపులు, పిల్లల ట్యాబు, టీవీ స్టిక్కు, ఒక్కోదానికీ ఓటీపీ కొట్టుకుంటూ కూర్చోవడం విసుగు. కొన్ని సర్వర్లు తెలిసిన ఐపీ (నెట్‌లో చిరునామా) నుంచి వస్తేనే తలుపు తీస్తాయి. విదేశంలో ఉన్నప్పుడు ఇండియా ఐపీ లేకపోతే తెరుచుకోని సైట్లూ ఉన్నాయి. వీటిలో ఒక్కటీ మీకు వర్తించకపోతే ఫోన్ హాట్‌స్పాట్ చాలు, ఈ గొడవే వద్దు.

ఏ రౌటర్ అంటే, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిచేది. జీఎల్ ఐనెట్ వాళ్ళవి దానిమీదే కట్టినవి కాబట్టి మొదటిసారి పెట్టుకునేవాళ్ళకి సులువు. వాటిలో మ్యాంగో అనే చిన్నది 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది, పోర్టులు 100 ఎంబీపీఎస్. ఒక మనిషి మెయిళ్ళకీ, వీడియో కాల్‌కీ సరిపోతుంది. బెరిల్ ఏఎక్స్‌లో రెండు బ్యాండ్లూ ఉన్నాయి, వాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టు 2.5 గిగాబిట్, టైప్-సీ పిన్నుతో 5 వోల్టులు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. కుటుంబానికైతే రెండోదే కొనండి. ద్వారకానగర్ షాపుల్లో మామూలు ఇంటి రౌటర్లు ఎన్నయినా దొరుకుతాయి గానీ ఈ రకం ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. దాంతోపాటు ఒక మీటరు నెట్‌వర్క్ కేబుల్, 3 ఆంపియర్లు నిజంగా ఇచ్చే ఛార్జర్, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ పెట్టుకోండి.

పవర్ బ్యాంక్ సరదాకి చెప్పింది కాదు. కీ కార్డు తీయగానే గదిలో ప్లగ్గులన్నీ చచ్చిపోయే హోటళ్ళే ఎక్కువ. మీరు టిఫినుకి వెళ్ళొచ్చేసరికి రౌటర్ ఆగి, లాగిన్ పోయి, మళ్ళీ ఓటీపీ దగ్గర మొదలవుతుంది. 10,000 ఎంఏహెచ్ అంటే లెక్కకి 37 వాట్ అవర్లు, నష్టాలు పోను 30 అనుకుంటే, 5 వాట్లు తినే రౌటర్ ఆరు గంటలు నడుస్తుంది. ఒక చిక్కుంది: ఛార్జ్ అవుతూనే బయటికి ఇచ్చే పవర్ బ్యాంకుల్లో కొన్ని, కరెంటు పోయినప్పుడూ వచ్చినప్పుడూ ఒక్క క్షణం అవుట్‌పుట్ ఆపేస్తాయి. ఆ క్షణం చాలు రౌటర్ రీబూట్ కావడానికి. బయల్దేరే ముందు ఇంట్లోనే ఛార్జర్ పీకి, పెట్టి చూసుకోండి. విమానంలో పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలని తెలిసిందే. రైల్లో ఎల్‌హెచ్‌బీ బోగీల ప్లగ్గులు 110 వోల్టులిస్తాయి. ఛార్జర్ మీద 100–240 అని రాసి ఉంటే ఇబ్బంది లేదు.

ఇంటి కొస

వీపీఎన్ అంటే డబ్బు కట్టి తీసుకునే కంపెనీ సేవే అనుకోనక్కర్లేదు. ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో మీ ఇంటి ఫైబర్ కనెక్షన్ ఉందిగా, టన్నెల్‌ని (వీపీఎన్ వేసే తాళం దారిని) అక్కడ తేల్చుకుంటే సైట్లకి మీరు ఇంట్లో కూర్చున్నట్టే కనబడతారు. వీపీఎన్ కంపెనీల ఐపీలనీ, డేటా సెంటర్ల ఐపీలనీ అడ్డుకునే సైట్లు ఉన్నాయి, ఇంటి ఐపీకి ఆ బాధ ఉండదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సేవ అమ్మేవాళ్ళు ఖాతాదారుల వివరాలు 5 ఏళ్ళు దాచాలి. దాంతో పెద్ద కంపెనీలు కొన్ని ఇండియాలోని సర్వర్లను ఎత్తేశాయి. ఇంట్లో సొంతానికి పెట్టుకున్న టన్నెల్ ఎవరికీ అమ్మే సేవ కాదు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మీ ఇంటికి బయటినుంచి దారి ఉందా? ఫైబర్ ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే డబ్బా) పేజీలో వాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. అంటే ఒకే పబ్లిక్ ఐపీని కంపెనీ ఎంతోమందికి పంచింది, ఓఎన్‌టీలో ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా బయటినుంచి ఎవరూ లోపలికి రాలేరు. వాన్ ఐపీ నంబరూ, 'నా ఐపీ ఎంత' అని చూపించే సైట్లోని నంబరూ ఒకటే అయితే బతికిపోయారు. సీజీనాట్ అయితే మూడు దారులు. నెలనెలా అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవడం ఒకటి. ముంబైలోనో బెంగళూరులోనో చిన్న వీపీఎస్ (డేటా సెంటర్లో ఉండే సర్వర్) అద్దెకి తీసుకుని ఇంటినీ, ప్రయాణం రౌటర్నీ రెండింటినీ దానికి డయల్ చేయించడం రెండోది. ఇందులో ప్రయాణం రౌటర్ నుంచి వచ్చే ప్యాకెట్లను ఇంటివైపు తోయడానికి వీపీఎస్‌లో వేరే రూటింగ్ టేబుల్ రాయాలి, అది రానివాళ్ళు దీని జోలికి పోవద్దు. మూడోది టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ సేవలో ఇంటి యంత్రాన్ని ఎగ్జిట్ నోడ్‌గా (నెట్ బయటికి వెళ్ళే చోటుగా) పెట్టడం. లోపల అదీ, కింద చెప్పబోయే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతే, సీజీనాట్ ఉన్నవాళ్ళకి తలనొప్పి తక్కువ. కానీ దాని కీ 180 రోజులకి గడువు తీరిపోతుంది. ఇంటి యంత్రానికి ఆ గడువును అడ్మిన్ పేజీలో తీసేయకపోతే, మీరు ఊళ్ళో లేని రోజునే అది తీరుతుంది.

ఇంటికి ఐపీవీ6 ఉంది కదా, దాంతో రావచ్చు కదా అంటారు కొందరు. ఇంటికి ఉంటుంది, హోటలుకి ఉండాలిగా!

దారి ఉందనుకుందాం. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై మీదో, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ మీదో వైర్‌గార్డ్ పెట్టండి. మామూలు పోర్టు యూడీపీ (ప్యాకెట్లు పంపే ఒక పద్ధతి) 51820. ఓఎన్‌టీలో దానితోపాటు యూడీపీ 443ని కూడా అదే యంత్రపు 51820కి ఫార్వర్డ్ చేయండి, ఎందుకో తర్వాత చెబుతాను. టన్నెల్‌లో ఇంటికి 10.9.0.1, ప్రయాణం రౌటర్‌కి 10.9.0.2. ఇంటివైపు, ప్రయాణం రౌటర్ అనే పీర్ (అవతలి కొస) దగ్గర 'అలౌడ్ ఐపీస్' గడిలో 10.9.0.2/32 మాత్రమే రాయాలి. చాలామంది అక్కడ కూడా 0.0.0.0/0 (అంటే అన్ని చిరునామాలూ) రాస్తారు. ఒక్క పీర్ ఉన్నంతకాలం నడుస్తుంది, రెండోది కలపగానే మొదటిది మూగబోతుంది, ఎందుకంటే ఏ ప్యాకెట్ ఏ కీకి పోవాలో వైర్‌గార్డ్ ఆ గడి చూసే నిర్ణయిస్తుంది. 0.0.0.0/0, ::/0 రెండూ రాయాల్సింది ప్రయాణం రౌటర్ వైపు. అలాగే ఒకే కీని ఫోన్‌లోనూ రౌటర్లోనూ వాడకండి. రెండూ ఒకేసారి వెలిగితే జవాబులు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతాయి.

ఇంటి ఓఎన్‌టీకీ, వైర్‌గార్డ్ నడిచే యంత్రానికీ మినీ యూపీఎస్ పెట్టండి. చాలా ఓఎన్‌టీలు 12 వోల్టులవే, అయినా అడాప్టర్ మీద చూసి కొనండి. అక్టోబరు, నవంబరులో విశాఖలో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు ఏ యూపీఎస్సూ ఏం చేయగలిగేది కాదు గానీ, మామూలు గాలివానకి పోయే గంటా రెండు గంటలకి ఇది సరిపోతుంది. కరెంటు పోయి వచ్చాక ఇంటి ఐపీ మారిపోవడం ఇంకో చిక్కు. డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు (ఐపీ మారినా మారని పేరు) పెట్టుకున్నా సరే, వైర్‌గార్డ్ ఆ పేరుని మొదలైనప్పుడు ఒక్కసారే ఐపీగా మార్చుకుని అదే పట్టుకుని వేలాడుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో దీనికోసమే వైర్‌గార్డ్ వాచ్‌డాగ్ అనే స్క్రిప్టు ఉంది. షెడ్యూల్డ్ టాస్కుల్లో నిమిషానికోసారి నడిచేలా పెడితే, హ్యాండ్‌షేక్ (రెండు కొసలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టే పలకరింపు) ఆగిపోయినప్పుడు పేరుని మళ్ళీ వెతుకుతుంది.

రౌటర్ కొస, ఫైర్‌వాల్

మొట్టమొదట ల్యాన్ (మీ పరికరాల వైపు) చిరునామా మార్చండి. జీఎల్ ఐనెట్ రౌటర్లు 192.168.8.1తో వస్తాయి. హువావే డాంగిళ్ళలో చాలావాటిదీ అదే చిరునామా, రెండూ కలిపితే ఏదీ తెరుచుకోదు. జియోఫైబర్ ఇళ్ళు 192.168.29, జియోఫై డబ్బాలు 192.168.225, పాత ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్లు 192.168.43. మీ ఇంట్లోనూ, సీతమ్మధారలో పిన్నిగారింట్లోనూ జియోఫైబరే అయితే రెండు చోట్లా 192.168.29 ఉంటుంది. అక్కడ మీ లాప్‌టాప్‌ని నేరుగా వాళ్ళ వైఫైకి కలిపి వీపీఎన్ పెడితే, మీ ఇంట్లోని హార్డ్ డిస్క్ కోసం పిన్నిగారింట్లో వెతుకుతుంది. రౌటర్‌కి 10.47.113.1 లాంటి ఎవరూ పెట్టని నంబరు ఇవ్వండి. వీలైతే ఇంటి ల్యాన్ నంబరూ మార్చేయండి.

ఫైర్‌వాల్‌లో మూడు జోన్లు ఉండాలి: ల్యాన్, వాన్, వీపీఎన్. వాన్‌కి ఇన్‌పుట్ 'రిజెక్ట్' అని ముందే ఉంటుంది, దాన్ని కదపకండి. వీపీఎన్ జోన్‌కి కూడా ఇన్‌పుట్ రిజెక్టే. మాస్కరేడింగ్, ఎంఎస్ఎస్ క్లాంపింగ్ రెండూ టిక్ పెట్టండి. ల్యాన్ నుంచి వీపీఎన్‌కి ఫార్వర్డింగ్ ఇవ్వండి. ఇక అసలు పని: ల్యాన్ నుంచి వాన్‌కి ముందే ఉన్న ఫార్వర్డింగ్‌ని తీసేయండి. కిల్ స్విచ్ అంటే ఇంతే. టన్నెల్ పడిపోతే ప్యాకెట్లకి వేరే దారి ఉండదు, హోటల్ నెట్‌లోకి జారిపోవు. జీఎల్ ఐనెట్ మెనూలో ఇదే పని 'బ్లాక్ నాన్-వీపీఎన్ ట్రాఫిక్' అనే మీట చేస్తుంది. ఏదో స్క్రిప్టు నిఘా పెట్టి, టన్నెల్ పడగానే నెట్ కట్ చేసే పద్ధతుల్ని నమ్మకండి, ఆ స్క్రిప్టు లేచేలోపు వెళ్ళాల్సింది వెళ్ళిపోతుంది. ఐపీవీ6 విషయంలోనూ ఇదే రక్షణ. మీ టన్నెల్‌లో ఐపీవీ6 లేకపోతే ల్యాన్‌లో దాన్ని పంచడమే ఆపేయండి, లేదంటే ఫోన్లు ముందు దాన్ని ప్రయత్నించి ప్రతి పేజీకీ కాసేపు తడబడతాయి. యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునే సౌకర్యం) ఉంటే ఆపేయండి. రౌటర్ అడ్మిన్ పేజీ, ఎస్ఎస్‌హెచ్ వాన్ వైపు నుంచి తెరుచుకోకూడదు.

ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 1420 అని ముందే ఉంటుంది. 1500లోంచి ఐపీవీ6 మీద వైర్‌గార్డ్ తినే 80 బైట్లు తీస్తే వచ్చేది అది. మొబైల్ నెట్‌వర్కుల్లో, కొన్ని హోటళ్ళలో దారి ఇంకా ఇరుకు. లక్షణం ఇలా ఉంటుంది: పింగ్ వెళ్తుంది, వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, బ్యాంకు పేజీ మాత్రం తెల్లగా తిరుగుతూనే ఉంటుంది. చిన్న ప్యాకెట్లు పట్టి పెద్దవి పట్టకపోవడం వల్ల ఇలా అవుతుంది. వెంటనే 1280 పెట్టేయండి. కొద్దిగా వేగం తగ్గుతుంది, దానికోసం ఆలోచించనక్కర్లేదు. సరైన నంబరే కావాలంటే ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో పింగ్‌ని 1392 సైజు నుంచి దించుకుంటూ రండి. ఎక్కడ వెళ్తే దానికి 28 కలపండి.

పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (దారి మూసుకుపోకుండా పంపే చిన్న ప్యాకెట్) 25 సెకన్లు. అది పెట్టాక 'చివరి హ్యాండ్‌షేక్' సమయం మూడు నిమిషాలు దాటిందంటే టన్నెల్ చచ్చినట్టే లెక్క, పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చోవద్దు.

హోటల్లో

లాగిన్ పేజీ రావడం లేదనేది అందరూ చేసే ఫిర్యాదు. రాదు మరి, కిల్ స్విచ్ వేసి ఉంటే ఎలా వస్తుంది? హోటల్ వైఫైకి రౌటర్‌ని రిపీటర్‌గా (ఆ వైఫైని పట్టి మీ సొంత వైఫైగా వదిలేలా) కలిపాక, వీపీఎన్‌నీ కిల్ స్విచ్‌నీ ఆపండి. లాప్‌టాప్‌లో మిగతావన్నీ మూసి, బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్ కాని పేజీ ఒకటి తెరవండి, నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ ఇందుకే ఉంది. అయినా రాకపోతే అడ్డం పడేవి రెండు. ఒకటి, రౌటర్లో మీరు పెట్టిన ఎన్‌క్రిప్టెడ్ డీఎన్‌ఎస్ (సైట్ పేరుని తాళం వేసి అడిగి ఐపీ తెచ్చుకునే సేవ). హోటల్ తన డీఎన్‌ఎస్‌తోనే మిమ్మల్ని లాగిన్ పేజీకి మళ్ళిస్తుంది, ఆ సందు మీరే మూసేశారు. రెండు, డీఎన్‌ఎస్ రీబైండింగ్ రక్షణ. లాగిన్ పేజీ ఏ 10.0.0.1 మీదో ఉంటే, ప్రైవేటు ఐపీతో వచ్చిన జవాబుని రౌటర్ అనుమానించి పారేస్తుంది. రెండూ తాత్కాలికంగా ఆపండి. కొత్త జీఎల్ ఐనెట్ ఫర్మ్‌వేర్‌లో ఈ సర్దుబాట్లు చేసే లాగిన్ మోడ్ ఉంది.

దీనికన్నా నాకు నచ్చే పద్ధతి మ్యాక్ క్లోనింగ్, అంటే ఫోన్ వైఫై గుర్తింపు నంబరుని (మ్యాక్) రౌటర్‌కి ఇవ్వడం. ఫోన్‌తో హోటల్ వైఫైకి కలిసి, గది నంబరో ఓటీపీయో కొట్టి లోపలికి వెళ్ళండి. ఆ నెట్‌వర్క్ వివరాల్లో ఫోన్ చూపించే మ్యాక్ చిరునామా రాసుకోండి. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ వాడతాయి కాబట్టి ఫోన్ సెట్టింగుల్లో 'ఫోన్ గురించి' దగ్గర ఉండే అసలు మ్యాక్ పనికిరాదు. ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి, ఆ మ్యాక్‌ని రౌటర్‌కి ఇచ్చి కలపండి. లాగిన్ అడగదు, వీపీఎన్ ఒక్క క్షణం కూడా ఆపక్కర్లేదు. ఫర్గెట్ చేయడం మరిచిపోతే ఒకే మ్యాక్‌తో రెండు యంత్రాలు తన్నుకుని రెండూ తెగిపోతుంటాయి.

హోటల్ వైఫైని 5 గిగాహెర్ట్జ్ మీద పట్టుకుని మీ సొంత వైఫైని 2.4 మీద వదలండి. ఒకే రేడియో వినడం, చెప్పడం రెండూ చేస్తే వేగం దాదాపు సగానికి పడుతుంది. రిపీటర్‌గా కలిపాక మీ వైఫై పేరే మాయమైతే, హోటల్ ఛానెల్ 52 నుంచి 144 మధ్యలో ఉందేమో చూడండి. అవి రాడార్లతో పంచుకునే ఛానెళ్ళు. వాటిలో ప్రసారం మొదలుపెట్టే ముందు కనీసం 60 సెకన్లు రాడార్ ఉందేమో వినాలి, వినిపిస్తే ఛానెల్ వదిలేయాలి. ఒకే రేడియో మీద ఉన్న మీ వైఫై కూడా అదే ఛానెల్‌కి పోవాలి కాబట్టి మాయమవుతుంది. గదిలో నెట్‌వర్క్ పోర్టు ఉంటే ఈ పంచాయితీ ఏమీ లేదు, కేబుల్ గుచ్చేయడమే.

గడియారం

అన్నీ సరిగ్గా ఉండి, నిన్నటిదాకా పనిచేసి, ఇవాళ రీబూట్ అయ్యాక హ్యాండ్‌షేక్ రాకపోతే టైము చూడండి. ఇలాంటి రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు తీసి పెడితే చివరిసారి ఏదో ఫైలు మారిన తేదీకి వెనక్కి పోతుంది. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో టైము ముద్ర ఉంటుంది. పాత ప్యాకెట్‌ని ఎవరో మళ్ళీ పంపుతున్నారేమోనని, ఇంతకుముందు చూసిన దానికన్నా వెనకటి ముద్రతో వస్తే ఇంటి సర్వర్ మాట్లాడకుండా పారేస్తుంది, ఎర్రర్ కూడా పంపదు. టైము సరిచేసుకోవాలంటే నెట్ కావాలి, నెట్ అంతా టన్నెల్‌లోంచే పోవాలని మీరే రాశారు, టన్నెల్ లేవాలంటే టైము కావాలి. ఈ ముడి విప్పాలంటే ఎన్‌టీపీ (టైము చెప్పే) సర్వర్ని పేరుతో కాకుండా ఐపీతో ఇవ్వండి. గూగుల్‌ది 216.239.35.0. ఆ ఒక్క ఐపీకి టన్నెల్ బయటినుంచి, వాన్ గుండా స్టాటిక్ రూట్ రాయండి. హోటల్ ఎన్‌టీపీని కూడా అడ్డుకుంటే లూసీ అనే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సెట్టింగుల తెరలో సిస్టమ్ పేజీలో 'సింక్ విత్ బ్రౌజర్' బటన్ నొక్కండి, లాప్‌టాప్ టైము రౌటర్‌కి వచ్చేస్తుంది. నొక్కే ముందు లాప్‌టాప్ తేదీ సరిగా ఉందో లేదో చూసుకోండి. పొరపాటున వచ్చే ఏడాది తేదీతో ఒక్క హ్యాండ్‌షేక్ వెళ్ళిందా, ఇంటివైపు వైర్‌గార్డ్‌ని ఆపి మొదలుపెట్టేదాకా మీకు ప్రవేశం లేదు.

టైము సరిగానే ఉండి హ్యాండ్‌షేక్ రాకపోతే అప్పుడు యూడీపీని అనుమానించండి. ముందే ఫార్వర్డ్ చేసుకున్న 443 పోర్టుకి ఎండ్‌పాయింట్ (రౌటర్ పిలిచే ఇంటి చిరునామా, పోర్టు) మార్చి చూడండి. బ్రౌజర్ల క్విక్ ప్రోటోకాల్ వాడేది అదే కాబట్టి కొన్నిచోట్ల అది తెరిచే ఉంటుంది. యూడీపీ మొత్తం మూసేసిన చోట వైర్‌గార్డ్ ఏమీ చేయలేదు. టీసీపీ 443 మీద ఓపెన్‌వీపీఎన్ ఒకటి రెండో దారిగా ముందే పెట్టుకోవాలి, నెమ్మదైనా సరే. టెయిల్‌స్కేల్ అయితే తనంతట తనే హెచ్‌టీటీపీఎస్ రిలే మీదికి మారుతుంది.

అరకు వెళ్ళే రైల్లో శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక సొరంగాల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. అక్కడ వైర్‌గార్డ్ గొప్పదనం తెలుస్తుంది. దానికి కనెక్షన్ అనేదే లేదు, సిగ్నల్ రాగానే కొత్త ఐపీ నుంచైనా మాట కొనసాగిస్తుంది. రౌటర్‌కి ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌తో కలపండి, వైఫై హాట్‌స్పాట్ కన్నా స్థిరంగా ఉంటుంది, ఫోన్ ఛార్జ్ కూడా దిగదు. రౌటర్ మాత్రం అదనంగా తాగుతుంది, పవర్ బ్యాంక్ లెక్క మళ్ళీ వేసుకోండి.

ఆఫీసుకి తెలియకుండా అరకులో కూర్చుని రుషికొండలో ఉన్నట్టు కనిపించాలని దీన్ని కొనేవాళ్ళకి ఒక మాట. లాప్‌టాప్ తన చుట్టూ ఉన్న వైఫై పేర్లు చూసి ఎక్కడుందో చెప్పేయగలదు, టన్నెల్ దాన్ని దాచదు. గల్ఫ్ వెళ్ళేవాళ్ళు అక్కడి చట్టం చదువుకుని వెళ్ళండి. యూఏఈలో నేరం చేయడానికో దాచడానికో ఐపీ మార్చితే భారీ జరిమానా ఉంది.

బయల్దేరడానికి కనీసం వారం ముందు, ఇంట్లోనే ఫోన్ హాట్‌స్పాట్‌ని హోటల్ అనుకుని మొత్తం ఒకసారి నడిపించండి. ఇంటి వైఫై మీద పరీక్షిస్తే లెక్కలోకి రాదు, ఇంట్లోంచి ఇంటి పబ్లిక్ ఐపీకే వెళ్ళడం చాలా ఓఎన్‌టీలకి చేతకాదు. రౌటర్ కరెంటు పీకి పెట్టండి, ఇంటివైపు వైర్‌గార్డ్ ఆపి చూడండి, ఆ సమయంలో లాప్‌టాప్‌లో ఒక్క పేజీ తెరుచుకున్నా ఫైర్‌వాల్ తప్పు. డీఎన్‌ఎస్ లీక్ టెస్ట్ సైట్లో మీ మొబైల్ కంపెనీ పేరు కనిపించినా తప్పే. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా ఆ వారంలోనే చేసేయండి, సెట్టింగులు చెరిగిపోయే అవకాశం ఉన్న పని ప్రయాణంలో పెట్టుకోకూడదు. బ్యాకప్ ఫైలు తీసినప్పుడు అందులో మీ ప్రైవేట్ కీ ఉంటుంది కాబట్టి దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోకండి, పెన్ డ్రైవ్‌లో పాస్‌వర్డు వేసి పెట్టండి. రౌటర్ ఎక్కడైనా పోతే ఫోన్ నుంచి ఇంటికి చేరి ఆ పీర్‌ని తీసేయగలిగేలా, ఫోన్‌కి వేరే కీతో ఇంకో పీర్ ఉంచుకోండి.